తాళం పడిన పెద్ద దవాఖాన

నాదర్‌గుల్, ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం... హైదరాబాద్‌కు ఆగ్నేయంగా ఉన్న ఈ ఊళ్లలో మొన్నమొన్నటి దాకా వైద్యానికి రెండే మెట్లు. జ్వరమొస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. ప్రాణం మీదికొస్తే ‘ఉస్మానియాకు తోల్కపోండ్రి’ అంటారు. పాము కరిచినా, పురుగుల మందు తాగినా, బావిలో పడి నడుము విరిగినా, స్టవ్ పేలి ఒళ్లు కాలినా చివరికి చేరాల్సిన చోటు మూసీ ఒడ్డున ఉన్న ఆ గుమ్మటాల భవనమే. ఎడ్లబండ్ల కాలం పోయి జీపులొచ్చాయి. జీపులు పోయి 108 వచ్చింది. చేరే చోటు మాత్రం మారలేదు.

ఇప్పుడు నాదర్‌గుల్‌ను పల్లె అంటే ఎవరూ ఒప్పుకోరు. శిక్షణ విమానాలు ఎగిరే చిన్న ఎయిర్‌స్ట్రిప్, ఎంవీఎస్ఆర్ ఇంజనీరింగ్ కాలేజీ, ఎటు చూసినా ప్లాట్ల వెంచర్లు. కాస్త ముందుకెళితే ఔటర్ రింగ్ రోడ్డు, ఆదిభట్లలో విమాన విడిభాగాల ఫ్యాక్టరీలు. నగరం వైపు వెళ్లే దారి పొడవునా ప్రైవేటు ఆసుపత్రుల హోర్డింగులు. అయినా బిల్లు కట్టే స్తోమత లేనివాళ్లకు ఇప్పటికీ దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని ఉస్మానియానే దిక్కు. అక్కడికి చేరినవాళ్లకు ఎదురయ్యే వింత ఒకటే. ఆసుపత్రి నడుస్తూనే ఉంటుంది, ఆసుపత్రి భవనానికి మాత్రం తాళం. 2020 జూలైలో పడిన ఆ తాళం ఇంకా తీయలేదు. అంతటి భవనం ఎలా లేచింది, ఎలా మూతపడింది అని ఆరా తీస్తే కథ మూసీ దగ్గర మొదలవుతుంది.

వరద మిగిల్చిన చెట్టు

ఉస్మానియా కన్నా ముందు ఈ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో, 1866లో మొదలైంది. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1846లో, రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ చేతుల మీదుగా హైదరాబాద్ మెడికల్ స్కూల్ ఏర్పడింది. అక్కడ చదివి బయటికొచ్చినవాళ్లకు ‘హకీం’ పట్టా ఇచ్చేవారు. ఆ స్కూలు విద్యార్థులు రోగుల మధ్య పని నేర్చుకున్నది అఫ్జల్‌గంజ్ వార్డుల్లోనే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఎగువన చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగి, ఆ నీళ్లన్నీ నగరం మీదికొచ్చాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. కుతుబ్‌షాహీల కాలం నాటి పురానాపూల్ నిలబడింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ ఒక్కరోజే పోగొట్టుకుని ఒంటరిగా బయటపడ్డాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది.

ఆసుపత్రి పోయినా ఆవరణలో ఒక చింతచెట్టు మిగిలింది. ఆ రోజు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆవరణలో పచ్చగా ఉంది. ఏటా సెప్టెంబర్ 28న నగర చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లు దాని కింద చేరి, పోయినవాళ్లను తలచుకుంటారు. మిగతా రోజుల్లో దాని నీడ రోగులతో వచ్చినవాళ్లది. చీటీ రాయించుకుని పిలుపు కోసం చూసేవాళ్లు ఆ పక్కనే చద్దిమూట విప్పుకుంటారు. తాము కూర్చున్న చోటు పైకొమ్మల్లో ఒకప్పుడు మనుషులు వేలాడారని వాళ్లలో చాలామందికి తెలియదు.

క్లోరోఫాం మీద పందెం

కొట్టుకుపోయిన పాత ఆసుపత్రికి ప్రపంచ వైద్య చరిత్రలో ఓ పేజీ ఉంది. 1880లలో మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చి ఆపరేషన్ చేస్తుంటే కొందరు రోగులు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది శ్వాసా, గుండె కొట్టుకోవడమా? ఈ ప్రశ్న మీద ఐరోపా వైద్యులు రెండుగా చీలిపోయి వాదించుకుంటున్నారు. శ్వాస మీద కన్నేసి ఉంచితే గుండెకేమీ కాదన్నది హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్, సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదల. ఆయన ఆధ్వర్యంలో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ జంతువుల మీద ప్రయోగాలు చేసింది. లండన్ వైద్యులు ఆ ఫలితాలను నమ్మలేదు. ‘అయితే మీరే మనిషిని పంపండి, ఖర్చు మాది’ అన్న తీరులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1,000 పౌండ్లు ఇచ్చింది. ‘లాన్సెట్’ పత్రిక తరఫున ప్రసిద్ధ వైద్యుడు లాడర్ బ్రంటన్ ఓడెక్కి హైదరాబాద్ వచ్చాడు. 1889లో రెండో కమిషన్ కూర్చుంది. ఫలితాలు లాన్సెట్‌లో అచ్చయ్యాయి.

ఈ ప్రయోగాల్లో పాలుపంచుకున్నవాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్శీ యువతి ఉంది. 1885లో మెడికల్ స్కూల్లో చేరి 1889లో హకీం పట్టా పుచ్చుకుంది. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి రోగులకు మత్తు ఇచ్చింది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా వైద్య చరిత్రకారులు ఆమెను లెక్కవేస్తారు. 1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివొచ్చింది. లారీ వాదం చివరికి నిలవలేదు. క్లోరోఫాం గుండె లయను ఉన్నట్టుండి దెబ్బతీయగలదని 1911లో లెవీ అనే వైద్యుడు రుజువు చేశాడు. వాదం ఓడినా, మత్తు ఇచ్చేటప్పుడు రోగి శ్వాసను క్షణక్షణం కనిపెట్టి ఉండాలన్న లారీ పాఠం మిగిలింది.

ఒడ్డున లేచిన గుమ్మటాలు

వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. నగరాన్ని కాపాడాలంటే నగరానికి ఎగువన నీళ్లను పట్టి ఆపాలని 1909లో ఆయన నివేదిక ఇచ్చారు. దాని ఫలితమే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఈలోగా 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వరద తుడిచిపెట్టిన రెండు ఒడ్లనూ కొత్తగా తీర్చిదిద్దే పనిలో పడింది. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ. ఉత్తరపు ఒడ్డున ఆసుపత్రి.

ఆసుపత్రికి నమూనా గీసింది విన్సెంట్ ఎష్. కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణంలో పనిచేసి, 1914లో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కొలువులో చేరిన ఆంగ్లేయుడు. కాచిగూడ రైల్వే స్టేషన్ కూడా ఆయన గీసిందే.  ఆసుపత్రిని కట్టించింది నవాబ్ ఖాన్ బహదూర్ మీర్జా అక్బర్ బేగ్. 1925కల్లా పూర్తయిన ఆసుపత్రికి ఏలినవారి పేరే పెట్టారు. మొత్తం ఆవరణ 26 ఎకరాల పైచిలుకు. అప్పట్లో పడకలు 450.

మూసీ మీది నయాపూల్ వంతెనపై నిలబడి చూస్తే ఆ ముఖభాగం ఠీవి అర్థమవుతుంది. నడుమ పెద్ద గుమ్మటం, రెండు వైపులా బారుగా సాగే వార్డుల వరసలు, పిట్టగోడల మీద చిన్న చిన్న ఛత్రీలు. మొగలాయి తీరు తోరణాలు, రాజస్థానీ ఛజ్జాలు, యూరప్ ఆసుపత్రుల పొందిక కలగలిసిన ఇండో-సారసెనిక్ శైలి. ఎత్తయిన పైకప్పులు, లోతైన వరండాలు అందానికి కట్టినవి కావు. యాంటీబయాటిక్స్ లేని కాలం అది. జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా ఆపే మందు గాలీ వెలుతురే. వేడిగాలి పైకి పోవాలి, కిటికీల నుంచి కొత్త గాలి రావాలి, ఎండ నేరుగా పడకల మీద పడకూడదు. ఫ్యాన్లు లేకున్నా గాలాడే వార్డులు అలా పుట్టాయి.

భవనంలో వాడింది రాయి, ఇటుక, డంగు సున్నం. సున్నం గోడకు ఓ గుణం ఉంది. తడిని పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపల ఇటుక మెత్తబడుతుంది. పాత కట్టడాల మరమ్మతులో తరచూ జరిగే పొరపాటు ఇదే. రెండో శత్రువు రావి. పిట్ట రెట్టతో వచ్చిన విత్తనం గోడ పగుల్లో పడితే చాలు, సున్నంలోని తేమ పట్టుకుని మొలిచేస్తుంది. మొదటి ఏడు రెండు ఆకులు. అప్పుడైతే వేళ్లతో పీకేయొచ్చు. మూడో ఏటికి వేరు రాళ్ల సందుల్లోకి దూరి బొటనవేలంత లావవుతుంది. ఇక పైన నరికితే లాభం లేదు, గోడ విప్పి వేరు తీసి మళ్లీ కట్టాల్సిందే. ఉస్మానియా పిట్టగోడల మీద మొలకలు కొమ్మలైపోయాయి.

నది కాదు, మురుగు

ఇంతటి భవనాన్ని మూయించింది ఏమిటి? ఎగువన జలాశయాలు వచ్చాక 1908 నాటి వరద మళ్లీ రాలేదు. 2020 జూలై మధ్యలో పడిన వానకు ఆసుపత్రిలోకి వచ్చింది నది నీళ్లు కావు. బేగంబజార్, అఫ్జల్‌గంజ్ వైపు నుంచి పల్లానికి దిగే నీళ్లన్నీ మూసీలో కలవాలి. ఆ పల్లంలోనే ఆసుపత్రి ఉంది. కాలువలు పొంగి, మురుగు కలిసిన వాననీళ్లు కింది అంతస్తు వార్డుల్లోకి ఎగదన్నాయి. మంచాల కింద నీళ్లు, మంచాల మీద రోగులు, పంచె ఎగ్గట్టుకుని నీళ్లలో నడుస్తున్న బంధువులు. కరోనా మొదటి ఉధృతిలో జనం భయపడుతున్న రోజుల్లో ఆ వీడియోలు రాష్ట్రమంతా చూసింది. వారం తిరిగేసరికి పాత భవనం ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. రోగులను పక్కనున్న కులీ కుతుబ్‌షా బ్లాక్‌కు, ఓపీ బ్లాక్‌కు సర్దారు. పాత భవనానికి తాళం వేశారు.

ఆ తాళం ఒక్క వానతో పడింది కాదు. పెచ్చులూడుతున్నాయని, పైకప్పు కారుతోందని డాక్టర్లు, నర్సులు ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు. హెల్మెట్లు పెట్టుకుని డ్యూటీ చేసి నిరసన తెలిపిన జూనియర్ డాక్టర్లూ ఉన్నారు. 2015 జూలైలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆసుపత్రికి వచ్చి చూసి, దీన్ని కూల్చి జంట టవర్లు కడతామని ప్రకటించారు. వారసత్వ కట్టడాన్ని కూల్చొద్దని నగరంలో ఆందోళన లేచింది. భవనాన్ని పరిశీలించిన వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ నిపుణులు కట్టడం గట్టిగానే ఉంది, మరమ్మతు చేస్తే నిలుస్తుంది అన్నారు. కూల్చాలని ఒకరు, కూల్చొద్దని ఒకరు హైకోర్టుకెళ్లారు. కూల్చివేత ఆగింది. మరమ్మతు కూడా మొదలు కాలేదు. కూల్చేదానికి మరమ్మతెందుకని కొన్నేళ్లు, కోర్టులో ఉందని మరికొన్నేళ్లు. ఆ నడిమి కాలంలో పగుళ్లలో వేళ్లు ముదిరాయి, కాలువల్లో పూడిక పేరుకుంది.

వయసే కారణమనుకుంటే మూసీకి అవతల చూడాలి. ఉస్మానియాకు కాస్త ముందు లేచిన హైకోర్టు భవనంలో 2009 ఆగస్టు 31న పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. గ్రంథాలయం కాలిపోయింది. దాన్ని బాగుచేశారు, కోర్టు నడిచింది. ఉస్మానియాకు నడిచి వెళ్లేంత దూరంలో మొజంజాహీ మార్కెట్ ఉంది. 1935 నాటి ఆ రాతి కట్టడాన్ని రెండేళ్లకు పైగా ఓపికగా శుభ్రం చేసి, ముస్తాబు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అంటే ఉస్మానియాకు తాళం పడిన నెలలోపే. కోఠిలో 1803 నాటి రెసిడెన్సీ భవనం కూడా శిథిలావస్థ నుంచి కోలుకుంది. ఒకే నగరం, ఒకే సున్నం, అవే వానలు. కోర్టు పైకప్పు కారితే న్యాయమూర్తుల ఫైళ్లు తడుస్తాయి. ఆసుపత్రి పైకప్పు కారితే నాదర్‌గుల్ నుంచో యాచారం నుంచో వచ్చిన కూలీ తడుస్తాడు. ఎవరి మీద పడే చినుకుకు ఎంత వేగంగా తాపీమేస్త్రి వస్తాడన్నదే ఈ రెండు ఒడ్ల మధ్య తేడా.

తాళం అవతల బతుకు

పాత భవనం మూతపడ్డాక ఆసుపత్రి ఇరుకైంది. ఇప్పుడు 1,100కు పైగా పడకలున్న ఆసుపత్రి ఇది. పాత భవనంలోని వార్డులు, ఆపరేషన్ థియేటర్లు పోయాక మిగిలిన బ్లాకుల్లోనే అన్నీ సర్దుకోవాల్సి వచ్చింది. మంచానికీ మంచానికీ మధ్య సందు తగ్గింది. నడవాల్లో స్ట్రెచర్లు వరస కట్టాయి. అత్యవసరం కాని ఆపరేషన్లకు ఎదురుచూపులు పెరిగాయి.

అయినా పని ఆగలేదు. కాలిన గాయాలకు రాష్ట్రంలో పేదలు వెతుక్కునే చోటు ఇదే. చనిపోయినవారి నుంచి చర్మం సేకరించి, భద్రపరిచి, కాలిన రోగులకు అతికించే స్కిన్ బ్యాంకు 2021 జూన్‌లో ఇక్కడే మొదలైంది. ప్రైవేటులో లక్షలు పోయాల్సిన కాలేయ మార్పిడి ఆపరేషన్లు ఈ సర్కారు దవాఖానలో జరిగాయి. నాలుగు రోజులు వార్డుల బయట తిరిగితే అసలు లెక్క తెలుస్తుంది. ఒక్కో రోగికి తోడుగా కనీసం ఇద్దరు. ఒకరు మందుల కిటికీ దగ్గర, ఒకరు స్కానింగ్ చీటీతో. రాత్రయితే మెట్ల మీద, చెట్ల కింద చాపలు పరుచుకుంటాయి. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం దగ్గర లైను.

‘మీదే ఊరు?’ అంటే ‘పట్నం అవతల’ అంటారు ఎక్కువమంది. అటువైపు ఊళ్లు ఒక్కొక్కటే పట్నంలో కలిసిపోయాయి. పెద్ద జబ్బుకు పెద్ద దవాఖాన వెతుక్కునే దారి మాత్రం వాళ్లకు ముందున్నంత దూరంగానే ఉంది. ఇబ్రహీంపట్నంలో ప్రభుత్వాసుపత్రి ఉంది, బస్తీ దవాఖానలు వచ్చాయి. అక్కడ రాసే ‘హయ్యర్ సెంటర్’ చీటీ ఇప్పటికీ ఎక్కువగా ఉస్మానియాకో, గాంధీ ఆసుపత్రికో దారి చూపిస్తుంది.

గోషామహల్‌కు మూట

2025 జనవరి 31న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు శంకుస్థాపన చేశారు. పోలీస్ స్టేడియం ఉన్న స్థలంలో దాదాపు 26 ఎకరాల్లో, 2,000 పడకలతో కడతారు. చుట్టుపక్కల వ్యాపారులు, కాలనీలవాళ్లు రద్దీ పెరుగుతుందని అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం ముందుకే వెళ్లింది. పాత భవనాన్ని కూల్చబోమని, వారసత్వ కట్టడంగా కాపాడతామని చెప్పింది. అటు హైకోర్టు కూడా మకాం మారుస్తోంది. 2024 మార్చిలో రాజేంద్రనగర్ దగ్గర వంద ఎకరాల్లో దాని కొత్త భవనానికి పునాదిరాయి పడింది. వరద తర్వాత ఎదురెదురుగా లేచిన రెండు సంస్థలూ వందేళ్లకు ఒడ్లు వదిలి వెళ్తున్నాయి.

ఉస్మానియా పాత భవనాన్ని మ్యూజియం చేయాలని కొందరు, ఓపీ క్లినిక్కుగానైనా వాడాలని కొందరు అంటున్నారు. వైద్య చరిత్ర చెప్పడానికి ఇంతకన్నా సరైన చోటు తెలంగాణలో లేదు. క్లోరోఫాం కమిషన్, రూపాబాయి, 1908 వరద, విశ్వేశ్వరయ్య నివేదిక అన్నిటికీ అడ్రసు ఈ ఆవరణ చుట్టుపక్కలే. అయితే మ్యూజియానికైనా ముందు కావాల్సింది వేళ్లు తీసేవాళ్లు, సున్నం కలిపేవాళ్లు.

చూడాలనుకుంటే

నాదర్‌గుల్ నుంచి బడంగ్‌పేట మీదుగా ఎల్బీనగర్ చేరి, అక్కడ మెట్రో ఎక్కితే మారకుండా ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి ఆసుపత్రి నడిచి వెళ్లేంత దూరం. ‘ఉస్మానియా మెడికల్ కాలేజీ’ అన్న స్టేషన్ కోఠిలో కాలేజీ దగ్గరిది. పేరు చూసి అక్కడ దిగి తికమకపడొద్దు. పాత భవనంలోకి ఎవరినీ వెళ్లనివ్వరు, బయటి నుంచే చూడాలి. ముఖభాగం మొత్తం ఒక్క చూపులో కనిపించాలంటే నయాపూల్ మీదికి వెళ్లాలి. పొద్దున ఓపీ వేళల్లో కాకుండా సాయంత్రం వెళ్తే రోగులకు అడ్డం కాకుండా చింతచెట్టును చూసి రావొచ్చు. దగ్గర్లోనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, నది అవతల సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నాయి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.

కొత్త భవనం ఎంత ఎత్తుకు లేస్తుంది, ఎన్ని థియేటర్లు ఉంటాయి అన్నది అందరూ చెబుతున్నారు. 450 పడకలతో మొదలైన ఆసుపత్రి రెండింతలకు మించిన బరువు మోసింది. ఏటా తీయాల్సిన పూడిక తీయనందుకు దాని పాత భవనం మూతపడింది. గోషామహల్‌లో 2,000 పడకలకు రిబ్బన్ కత్తిరించే రోజున ప్రభుత్వాన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న పడకల గురించి కాదు. ఆ ఆసుపత్రి కాలువలు ఏ నెలలో శుభ్రం చేస్తారు, దానికి డబ్బు ఏ పద్దులో పెట్టారు, చేయకపోతే జవాబు చెప్పే అధికారి ఎవరు అన్నది.